ఒకే చోట రోజూ బ్రేకు పడుతోంది: తప్పు డ్రైవర్‌దా, రోడ్డుదా?

పదకొండు బస్సులు
డిసెంబరు 21, రాత్రి 9:40

శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం ఫ్యాక్టరీలకు మనుషులను తీసుకెళ్లి తీసుకొచ్చే బస్సులు నా చేతి కింద పదకొండు ఉన్నాయి. బస్సులు కాంట్రాక్టరువి, డీజిలు ఆయనది, ఆలస్యమైతే మాట పడేది నేను. ప్రతి బస్సులోనూ ఒక ట్రాకర్ పెట్టె ఉంది. బస్సు ఎక్కడుందో చెప్పడమే కాదు, డ్రైవర్ గట్టిగా బ్రేకు తొక్కినా, ఒక్కసారిగా వేగం పెంచినా, విసురుగా మలుపు తిప్పినా నా ఫోనుకు హెచ్చరిక పంపుతుంది. నెలాఖరున వాటన్నిటినీ కలిపి డ్రైవర్లకు మార్కులు వేసి పట్టిక ఇస్తుంది. గట్టి బ్రేకు ఒక్కోదానికి 50 రూపాయల కోత. ఆ కోత పెట్టింది కాంట్రాక్టరే గానీ, పెట్టిన రోజున నేనూ తలూపాను. దాచి లాభం లేదు.

నవంబరు పట్టికలో అట్టడుగున ఉన్న పేరు చూసి నమ్మబుద్ధి కాలేదు. మా డ్రైవర్లలో అందరికంటే పెద్దాయన. ఇరవై రెండేళ్లుగా పెద్ద బండి నడుపుతున్నాడు, ఒక్క కేసు లేదు. ఆయన బండి ఎక్కినవాళ్లు డే అండ్ నైట్ జంక్షన్ వచ్చేదాకా కళ్లు తెరవరు, అంత మెత్తని చెయ్యి. "ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, ఇప్పుడు రోడ్డు మీద నెపం పెడతాడు చూడండి" అని కాంట్రాక్టరు నవ్వాడు. పెద్దాయన ఏ నెపమూ పెట్టలేదు. "ఒక సాయంత్రం నా పక్కన కూర్చోండి బాబూ" అన్నాడు, అంతే.

ఈ నెల 9న జనరల్ షిఫ్టు వదిలాక క్యాబిన్‌లో కూర్చున్నాను. రణస్థలం దాటేసరికి పొద్దు వాలిపోయింది. చిలకపాలెం ఇంకా రాలేదు. అక్కడ ఒక ఊరి దగ్గర డివైడర్‌కు తెరిపి, అంటే రోడ్డు దాటడానికి వదిలిన ఖాళీ, ఉంది. దానికి అటూ ఇటూ గన్నేరు మొక్కలు మనిషి ఎత్తు దాటి గుబురుగా పెరిగాయి. ఇంకా చాలా దూరం ఉండగానే పెద్దాయన యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. నాకు ముందు ఏమీ కనిపించలేదు. తరవాత గన్నేరు కొమ్మల మీదుగా ఒక గడ్డిమోపు కదులుతూ కనిపించింది. మోపు కింద మనిషి ఉందని తెలియడానికి ఇంకో క్షణం పట్టింది. ఆమె తెరిపిలోకి వచ్చి అడుగు ముందుకు వేసింది. సరిగ్గా అప్పుడే ఎడమ పక్కన సర్వీసు రోడ్డు మీద నుంచి రెండు పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలు మెయిన్ రోడ్డు మీదికి ఎక్కింది. పెద్దాయన బ్రేకు తొక్కాడు. వెనక ఎవరిదో టిఫిన్ క్యారియర్ సీట్ల కింద దొర్లుకుంటూ ముందుకు వచ్చి నా చెప్పుకు తగిలింది. జేబులో ఫోను టింగుమంది. యాభై రూపాయలు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఒక నోటుబుక్కు తీశాను. ఇదివరకు విజయనగరంలో ఒక జనపనార మిల్లు టైమ్ ఆఫీసులో పనిచేశాను. అక్కడ ఆలస్యంగా వచ్చినవాడి పేరు ఎర్ర సిరాతో రాయడం నా పని. ఒక్కోరోజు ముప్ఫై పేర్లు ఎర్రగా ఉండేవి. ఆ ముప్ఫై మందీ రైలు గేటుకు అవతలి ఊళ్లవాళ్లేనని, ఆ రోజు గూడ్సు బండి ఆగిపోయి గేటు తీయలేదని మాకు తెలుసు. అయినా పుస్తకంలో పేరుకు గడి ఉండేది, గేటుకు గడి ఉండేది కాదు. ఈ ట్రాకర్ పట్టిక చూస్తే ఆ పుస్తకమే గుర్తుకొచ్చింది. అందుకని ఈసారి పేర్లు వదిలేసి చోట్లు రాశాను.

నవంబరు 24 నుంచి నిన్నటిదాకా ఆదివారాలు పోను 24 పనిరోజులు. గట్టి బ్రేకు హెచ్చరికలు మొత్తం 96. వాటిలో 41 ఆ తెరిపికి అటూ ఇటూ 300 మీటర్ల లోపలే! 29 సాయంత్రం అయిదున్నరకూ ఆరున్నరకూ మధ్య, శ్రీకాకుళం వైపు వచ్చే దారిలో. 9 తెల్లవారుజామున అయిదుంబావు ప్రాంతంలో, విశాఖ వైపు వెళ్లే దారిలో. తక్కిన మూడూ ఎప్పుడో ఒకప్పుడు. మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారినప్పుడు అవే బస్సులు అదే చోటు దాటుతాయి, ఒక్క హెచ్చరికా లేదు.

అక్కడ ఇంతవరకు ఎవరూ చనిపోలేదు. నాకు తెలిసినంతలో ఒక మేక పోయింది. కానీ రోజుకు ఒకటిన్నరసార్లకు పైగా ఎవరో ఒకరు బతికి బయటపడుతున్నారని ఈ లెక్క చెబుతోందని నాకు అనిపిస్తోంది. నా ఆలోచన సరైనదేనా, లేక పెట్టె చెప్పేదాన్ని నేను ఎక్కువగా ఊహించుకుంటున్నానా? సరైనదే అయితే ఈ నోటుబుక్కు పట్టుకుని ఏ గుమ్మం ఎక్కాలి? "ప్రమాదం జరగలేదు కదా, మరెందుకు వచ్చావు" అంటే ఏం చెప్పాలి?


ఈశాన్యం మూల
డిసెంబరు 21, రాత్రి 11:15

మాది విజయనగరమే. వాహనాల ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. మీరు చెప్పిన మార్కుల పట్టికలాంటివి నేనూ తయారు చేశాను, కాబట్టి ఆ 50 రూపాయల పాపంలో నాకూ కొంత వాటా ఉంది.

మీ ఊహ సరైనదే, కానీ గుమ్మం ఎక్కేముందు పెట్టెను అనుమానించండి. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరైన ప్రయాణికుల రవాణా వాహనాలకు ఏఐఎస్ 140 అనే ప్రమాణం ప్రకారం ట్రాకర్, అత్యవసర బటన్ ఉండాలి. మీ బస్సుల్లోది అదే అయి ఉంటుంది. అందులో కదలికను పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. వేగం ఒక హద్దు దాటి పడిపోతే గట్టి బ్రేకు అని హెచ్చరిక పంపుతుంది. ఆ హద్దు ఎంతన్నది మీకు అమ్మినవాళ్లు పెట్టుకున్న అంకె. కొందరు మరీ తక్కువ పెడతారు, అప్పుడు స్పీడ్ బ్రేకర్ కూడా నేరమే. పెట్టెను స్క్రూలతో బిగించకుండా టేపుతో అతికించి ఉంటే గుంతలో పడ్డ ప్రతిసారీ బ్రేకు అంటుంది. కాబట్టి ముందు చూడాల్సింది ఇది: ఆ 41 హెచ్చరికలు రెండు మూడు బస్సులవేనా, అన్ని బస్సులవీనా? ఒకే బస్సుదైతే పెట్టెది తప్పు. అన్నిటివీ అయితే చోటుది.

రెండోది, హెచ్చరికను నమ్మకండి, దాని పక్కనున్న వేగం వరస చూడండి. హెచ్చరికకు ముందు 62, మూడు సెకన్ల తరవాత 21 ఉందనుకోండి. సెకనుకు దాదాపు 14 కిలోమీటర్ల చొప్పున వేగం పడిపోయింది. అది భూమ్యాకర్షణలో 0.39 వంతు. నిలబడి ఉన్న మనిషి పడిపోతాడు, మీ టిఫిన్ క్యారియర్ దొర్లుతుంది. అది నిజమైన బ్రేకు. 38 నుంచి 30కి వచ్చినది కాదు. ఇంకో సంగతి, మామూలుగా పెట్టె అయిదు సెకన్లకో పదికో ఒకసారి చోటు పంపుతుంది. 80 వేగంలో అయిదు సెకన్లంటే 110 మీటర్లు. అందువల్ల మ్యాపు మీద చుక్క పడిన చోటే బ్రేకు పడిందనుకోవద్దు. 300 మీటర్ల ముక్కగా చూడటం మంచి పనే చేశారు. అలాగే మెయిన్ రోడ్డా సర్వీసు రోడ్డా అన్నది జీపీఎస్ ఖాయంగా చెప్పలేదు, ఆ రెంటి మధ్య దూరం దాని పొరపాటులోనే కలిసిపోతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎన్ని బ్రేకులు అని కాదు, ఎన్ని ట్రిప్పులకు ఎన్ని అని రాయండి. సాయంత్రం ఆ వేళకు ఎన్ని బస్సులు వస్తాయో మీరు చెప్పలేదు. రెండే అయితే 29 చాలా ఘోరం. పదకొండూ వస్తే సంగతి వేరు. ఆ పెద్దాయన ఏ వేళ నడుపుతున్నాడో కూడా చూడండి. నాకు ఒక అనుమానం ఉంది, ఇప్పుడే చెప్పను.

ఇలా చోటును పట్టుకోవడం మీ ఒక్కరికే తోచిన విషయం కాదు. నాగపూర్‌లో 2021లో మొదలైన ఐరాస్తే ప్రాజెక్టులో సిటీ బస్సులకు ముందున్న దారిని చూసే కెమెరాలు పెట్టి, అవి ఇచ్చే హెచ్చరికలు ఎక్కడ గుంపుగా పడుతున్నాయో చూసి, ఇంకా ప్రాణాలు తీయని ప్రమాదకర చోట్లను గుర్తించారు. వాటిని గ్రే స్పాట్లు అన్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో భాగస్వామి. తరవాత తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోనూ అదే పని చేశారు. స్వీడన్, నార్వేల్లో 2016 నుంచి వోల్వో కార్లు రోడ్డు జారుతోందని చక్రాల ద్వారా తెలుసుకుని వెనక వచ్చే కార్లకు కబురు పంపుతున్నాయి. అక్కడ కారు రోడ్డు మీద ఫిర్యాదు చేస్తుంది. మనం అదే సెన్సర్ కొని డ్రైవర్ మీద ఫిర్యాదు చేయిస్తున్నాం.


స్టీరింగ్ ముందు
డిసెంబరు 22, ఉదయం 6:05

సార్, నేను టెక్కలి వైపు లారీ నడుపుతాను, అంతకుముందు స్కూలు బస్సు నడిపాను. మీ కోత గురించి ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు.

స్కూలు బస్సులో మాకూ ఇలాంటి పెట్టే ఉండేది, ఇలాగే డబ్బు కోసేవారు. రెండు నెలలకు అందరం నేర్చుకున్నాం. ఏం నేర్చుకున్నామంటే, బ్రేకు తొక్కకుండా తప్పించుకోవడం. అడ్డం ఏదైనా వస్తే హారన్ మీద చెయ్యి పెట్టి పక్కకు కోసేవాళ్లం. మా పెట్టె దాన్ని అంతగా పట్టుకునేది కాదు, మెల్లగా తిప్పితే అసలే పట్టుకునేది కాదు. పిల్లలున్న బస్సు సార్ అది. ఒకరోజు ఆవు అడ్డం వస్తే నా కాలు బ్రేకు మీద పడేముందు ఒక్క క్షణం ఆగింది. ఈ నెల ఇప్పటికే నాలుగయ్యాయి, ఇది అయిదోది అని లెక్క గుర్తొచ్చింది. ఆవు బతికింది, నేను మాత్రం ఆ నెలాఖరున మానేశాను. ఇంకొకాయన పెట్టె కింద స్పాంజి ముక్క దూర్చాడు, ఆయనకు ఆ నెల బహుమతి ఇచ్చారు.

మీ పెద్దాయన నిజాయితీగా బ్రేకు తొక్కుతున్నాడు, అందుకే కింద ఉన్నాడు. పైన ఉన్నవాళ్ల పక్కన కూడా ఒకసారి కూర్చోండి.

చోట్లు కావాలంటే పెట్టె అక్కరలేదు. మడపాం నుంచి ఇచ్ఛాపురం దాకా నేను కళ్లు మూసుకుని చెబుతాను. ఏ దాబా ముందు లారీలు లైట్లు ఆర్పి సగం రోడ్డు మీద నిలబెడతారో, ఏ ఊరి దగ్గర పొద్దు వాలేవేళ పశువులు తోలుకొస్తారో, అన్నీ. మమ్మల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఎప్పుడూ "ఎందుకు తొక్కావు" అన్నదే.


పాత కిలోమీటరు రాయి
డిసెంబరు 22, మధ్యాహ్నం 3:30

నేను రోడ్ల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బాబూ, మీ ప్రశ్నలో రెండో సగానికి జవాబు చెబుతాను, మొదటిదానికి ఈశాన్యం మూల పేరుతో రాసిన అమ్మాయి చక్కగా చెప్పింది.

జాతీయ రహదారి మీద ఒక చోటును బ్లాక్ స్పాట్ అనాలంటే దాదాపు 500 మీటర్ల ముక్కలో గత మూడేళ్లలో ప్రాణాలు పోయినవో తీవ్ర గాయాలైనవో అయిదు ప్రమాదాలు జరిగి ఉండాలి, లేదా పదిమంది చనిపోయి ఉండాలి. పోలీసులు ఇప్పుడు ప్రమాదం జరిగిన చోటే ఫోనులో వివరాలు ఎక్కిస్తున్నారు. ఐఐటీ మద్రాసు, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ కలిసి తయారు చేసిన ఐరాడ్‌తో అది మొదలైంది, ఇప్పుడు ఈ-డార్ అంటున్నారు. మంచి పనే, మా కాలంలో ఆ సమాచారం కోసం స్టేషన్ల చుట్టూ తిరిగేవాళ్లం. కానీ దాంట్లోకి ఎక్కాలంటే ముందు ఎవరికో దెబ్బ తగలాలి. మీ నోటుబుక్కులో ఉన్నవన్నీ తగలని దెబ్బలు. వాటికి ఏ ఫారంలోనూ గడి లేదు. అందుకని మీరు "బ్లాక్ స్పాట్" అన్న మాట వాడితే "కాదు" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. ఆ మాట వాడకండి.

"చూపు దూరం" అని రాయండి. ఆ మాటకు ఇంజనీరు జవాబు చెప్పి తీరాలి. 80 కిలోమీటర్ల వేగానికి డ్రైవర్‌కు ముందున్న అడ్డం 120 మీటర్ల దూరం నుంచి కనిపించాలని మన రోడ్ల ప్రమాణాలు చెబుతాయి. 100 వేగానికి 180 మీటర్లు. చూసి, ఆలోచించి, కాలు కదిపే సమయానికి రెండున్నర సెకన్లు అందులో కలిపారు. ఆ రెండున్నర సెకన్లలోనే 80 మీద బండి 55 మీటర్లు వెళ్లిపోతుంది, బ్రేకు ఇంకా మొదలు కాలేదు. మీరు చేయాల్సిందల్లా ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లి, ఆ తెరిపిలో ఒక మనిషిని నిలబెట్టి, ఎంత దూరం నుంచి కనిపిస్తున్నాడో కొలవడమే. రోడ్డు మధ్యలో కాదు, రోడ్డు పక్కనున్న అంచు మీద నిలబడి కొలవండి, జాగ్రత్త.

గన్నేరు గురించి. ఎదుటి బండి లైటు కళ్లలో పడకుండా దాన్ని మేమే నాటించాం. పశువు తినదు, ఎండకు చావదు, అందుకే దేశమంతా అదే. కానీ తెరిపికి దగ్గర పడేకొద్దీ దాన్ని మోకాలెత్తుకు కత్తిరించాలి. మొదట్లో కత్తిరిస్తారు. తరవాత నీళ్ల ట్యాంకరు వస్తుంది గానీ కత్తెర రాదు.

కాగితం ఒక్క పేజీ దాటకూడదు. కిలోమీటరు రాయి నంబరు, ఏ వైపు దారి, ఏ వేళ, ఎన్ని ట్రిప్పులకు ఎన్ని బ్రేకులు, కొలిచిన చూపు దూరం, సాయంత్రం అయిదున్నరకు తీసిన ఒక ఫోటో. డ్రైవర్ల పేర్లు వద్దు. ఒక ప్రతి రహదారి నిర్వహణ చూసేవాళ్లకు, ఒకటి సోమవారం గ్రీవెన్సులో కలెక్టరేటుకు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు, అక్కడికి వెళ్లిన కాగితానికి ఒక నంబరు పడుతుంది. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు కూడా ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. "గన్నేరు కత్తిరించండి" అని మాత్రమే అడగండి. తెరిపి మూసేయమని అడిగితే ఊరు మీ మీద పడుతుంది, ఫ్లైఓవర్ అడిగితే ఫైలు ఢిల్లీ వెళ్తుంది. కత్తెర అడిగితే ఎవరి అనుమతీ అక్కరలేదు.


అడ్డరోడ్డు
డిసెంబరు 22, రాత్రి 8:20

అందరూ పెట్టె బాగుందంటున్నారు కాబట్టి నేను అడ్డం మాట్లాడతాను. ఈ లెక్క బస్సులకు తెలిసిన లెక్క మాత్రమే. గడ్డిమోపు ఆవిడ దగ్గర ట్రాకర్ లేదు. పాల క్యాన్ల మోటారు సైకిలుకూ లేదు. ఆటోలకూ ద్విచక్ర వాహనాలకూ ఆ ఏఐఎస్ 140 నుంచి మినహాయింపే ఉంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లు. చచ్చేవాళ్ల దగ్గర పెట్టె లేదు, పెట్టె ఉన్నవాళ్లు ఎక్కువగా చావరు. మీ బస్సులు వెళ్లని ఊరి రోడ్డు మ్యాపు మీద తెల్లగా ఉంటుంది, అది భద్రంగా ఉందని అర్థమా?

ఇంకొకటి. కోతకు వాడిన సమాచారం రేపు బీమా వాళ్లు అడిగితే కాంట్రాక్టరు ఇవ్వడని ఏమిటి నమ్మకం? డ్రైవర్లను ఎవరైనా అడిగి పెట్టారా?

పైగా మీ 24 రోజులూ నవంబరు చివర, డిసెంబరు. ఆ వేళకు మన వైపు సర్వీసు రోడ్ల మీద ఏముంటుందో శ్రీకాకుళం వాళ్లకు నేను చెప్పాలా?


పదకొండు బస్సులు
జనవరి 4, సాయంత్రం 7:10

అందరికీ నమస్కారం. ఆలస్యానికి క్షమించాలి, చెప్పినవన్నీ చేసి రాద్దామని ఆగాను.

అడ్డరోడ్డు గారూ, మీ చివరి మాట చదివి నెత్తి కొట్టుకున్నాను. ధాన్యం! ఆ ఊరి దగ్గర సర్వీసు రోడ్డు అర కిలోమీటరు పొడవునా వడ్లు ఆరబోసి, చివర రాళ్లు పేర్చి ఉన్నాయి. రోజూ చూస్తున్నదే, చూస్తున్నాను కాబట్టే కనిపించలేదు. అందుకే పాల బండి మెయిన్ రోడ్డు ఎక్కింది. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, కళ్లాలు చాలవు, మంచు పడుతోంది, తారు రోడ్డంత వేడి ఇంకెక్కడ దొరుకుతుంది? మా అన్నయ్యా అలాగే రోడ్డు మీద ఆరబోస్తాడు.

ఈశాన్యం మూల గారూ, 41 హెచ్చరికలు తొమ్మిది బస్సులవి. పెట్టెలన్నీ స్క్రూలతోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాన్ని లెక్కలోంచి తీసేస్తే సాయంత్రంవి 29 నుంచి 27 అయ్యాయి. ట్రిప్పుల లెక్క: ఆ వేళకు అయిదు బస్సులు, 24 రోజులు, 120 ట్రిప్పులు. అంటే దాదాపు నాలుగున్నర ట్రిప్పులకు ఒక గట్టి బ్రేకు. తెల్లవారుజామున నాలుగు బస్సులు, 96 ట్రిప్పులు, 9 బ్రేకులు. మీ అనుమానం కూడా ఏమిటో అర్థమైంది. పెద్దాయనకు నవంబరు, డిసెంబరు నెలల్లో రోజూ జనరల్ షిఫ్టు సాయంత్రం బస్సే ఇచ్చాం. ఇచ్చింది నేనే. చీకటి పడేవేళ కష్టం, ఆయనైతే జాగ్రత్తగా తెస్తాడని. అందరికంటే మంచి డ్రైవర్‌ను అందరికంటే చెడ్డ వేళలో పెట్టి, మార్కులు తక్కువ వచ్చాయని డబ్బు కోశాను.

పోయిన ఆదివారం మా అబ్బాయిని తీసుకుని టేపుతో వెళ్లాను. వాణ్ణి గన్నేరు పక్కన తెరిపి అంచున నిలబెట్టి నేను వెనక్కి నడిచాను. 46 మీటర్ల దగ్గర వాడి తల మాయమైంది. 120 ఉండాల్సిన చోట 46. బస్సులో డ్రైవర్ సీటు ఎత్తు కాబట్టి ఇంకాస్త నయం, కారులో వచ్చేవాడికి ఇదే. వాడు అక్కడ నిలబడి ఉండగా గడ్డిమోపు ఆవిడ వచ్చి "ఏం బాబూ, రోడ్డు వేస్తారా" అని అడిగింది. ఇక్కడ ఎందుకు దాటుతున్నావమ్మా అంటే, అండర్‌పాస్ కిలోమీటరున్నర అవతల ఉంది, మోపు దించి ఎత్తుకోవడానికి ఇంకో మనిషి కావాలి కదా అంది.

కాగితం రాశాను, ఒక్క పేజీ. నంబరు పడింది. కాంట్రాక్టరుకు కూడా ఒక ప్రతి ఇచ్చాను, ఆ 300 మీటర్ల ముక్కలో పడిన బ్రేకులకు కోత వద్దని. "అయితే అందరూ అక్కడే తొక్కుతారు" అన్నాడు. తొక్కనివ్వండి అన్నాను.


ఈశాన్యం మూల
జనవరి 4, రాత్రి 10:30

46 మీటర్లా! ఆ ఒక్క అంకె నా పట్టికలన్నిటికంటే విలువైనది.

ఇకమీద ఒకటి గుర్తుంచుకోండి. గన్నేరు కత్తిరించడమూ ధాన్యం ఎత్తేయడమూ ఒకే వారంలో జరిగితే దేనివల్ల తగ్గిందో చెప్పలేరు. తేదీలు విడివిడిగా రాసుకోండి. వారం రోజుల్లో తగ్గిందని సంబరపడొద్దు కూడా, 25 ట్రిప్పుల్లో ఆరు పడాల్సింది నాలుగు పడితే అది అదృష్టం కూడా కావచ్చు.


పదకొండు బస్సులు
ఫిబ్రవరి 1, ఉదయం 10:00

తేదీలు రాసుకున్నాను. జనవరి 5న ఇద్దరు మనుషులు కత్తెర్లతో వచ్చి తెరిపికి ఒక వైపే కత్తిరించి వెళ్లిపోయారు, శ్రీకాకుళం వచ్చే వైపు. రెండో వైపు సంగతి అడిగితే, ఫిర్యాదులో ఫోటో ఒక వైపుదే ఉందట. తప్పు నాదే, తెల్లవారుజామున ఫోటో తీయడానికి బద్ధకించాను.

6 నుంచి 10 వరకు, ధాన్యం ఇంకా ఉంది: 25 సాయంత్రం ట్రిప్పులు, 4 బ్రేకులు. అచ్చం ఈశాన్యం మూల గారు చెప్పిన అంకె, దిష్టి పెట్టారా అనిపించింది. పండగ సెలవులు వదిలేశాను. 19 నుంచి నిన్నటిదాకా, ధాన్యం లేదు: 60 ట్రిప్పులు, 3 బ్రేకులు. మధ్యలో రథసప్తమికి అరసవల్లి వెళ్లే బండ్లతో రోడ్డంతా నిండి ఎవరూ వేగంగా వెళ్లలేని రోజులు కూడా ఉన్నాయి, వాటినీ ఇందులోనే కలిపాను. తెల్లవారుజాము వైపు మాత్రం అలాగే ఉంది, గన్నేరూ అలాగే ఉంది. రెండో కాగితం రేపు ఇస్తాను, ఈసారి ఫోటోతో.

ఆవిడ ఇంకా అక్కడే దాటుతోంది. మోపు కంటే ముందు ఇప్పుడు మనిషి కనిపిస్తోంది.

డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి "ఎక్కడ భయం వేస్తుంది" అని అడిగాను. పదిహేడు చోట్లు చెప్పారు. నా నోటుబుక్కులో ఉన్నవి వాటిలో ఆరే.


స్టీరింగ్ ముందు
ఫిబ్రవరి 1, మధ్యాహ్నం 1:45

సంతోషం సార్. పెద్దాయనకు కోసిన డబ్బు తిరిగి ఇచ్చారా?


పదకొండు బస్సులు
ఫిబ్రవరి 1, మధ్యాహ్నం 2:20

డిసెంబరుది ఇచ్చారు. నవంబరు లెక్క మూసేశారట.